వాషింగ్టన్‌లో నల్లజాతి చరిత్ర మ్యూజియం: ఇంటిల్లిపాదితో వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు దిగగానే వర్జీనియా, మేరీల్యాండ్ వైపు మన ఇళ్లలో డీసీ లిస్టు ఒకటి తయారవుతుంది. వైట్‌హౌస్ ముందు ఫొటో, లింకన్ మెమోరియల్, విమానాల మ్యూజియం, సాయంత్రానికి గుడి. వాషింగ్టన్ మాన్యుమెంట్ పక్కనే కంచు రంగులో, మూడు బుట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న భవనం మాత్రం "టైముంటే చూద్దాం" దగ్గరే ఆగిపోతుంది. అది స్మిత్సోనియన్ (ఇక్కడి మ్యూజియంలు నడిపే సంస్థ) వాళ్ల నేషనల్ మ్యూజియం ఆఫ్ ఆఫ్రికన్ అమెరికన్ హిస్టరీ అండ్ కల్చర్. నన్నడిగితే లిస్టులో మొదట రాసుకోవాల్సింది అదే. స్నేహితులూ చుట్టాలూ వెళ్లే ముందు అడిగేవీ, వెళ్లొచ్చాక అడిగేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

టికెట్ ఎంత? ముందుగా బుక్ చేసుకోవాలా?

టికెట్ లేదు, ఉచితం. కానీ లోపలికి వెళ్లే వేళ రాసి ఉన్న పాస్ కావాలి. దానికీ డబ్బులక్కర్లేదు, మ్యూజియం వెబ్‌సైట్‌లో తీసుకోవచ్చు. శని, ఆదివారాలకైతే తేదీ అనుకున్న రోజే తీసేసుకోండి. ముందు దొరక్కపోతే ఏ రోజు పాసులు ఆ రోజు పొద్దున కూడా కొన్ని పెడతారు. మనిషికొక పాస్ లెక్క చూసుకోండి. డబ్బులు తీసుకుని పాసులు అమ్మేవాళ్ల జోలికి పోకండి. డిసెంబర్ 25న సెలవు. ప్రభుత్వ షట్‌డౌన్ ఎక్కువ రోజులు సాగితే స్మిత్సోనియన్ మ్యూజియంలన్నీ మూతపడతాయి కాబట్టి, అలాంటి వార్తలు వినిపిస్తుంటే బయల్దేరే ముందు ఒకసారి సైట్ చూడండి.

కారులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ పార్కింగ్ టెన్షన్‌తోనే సగం ఓపిక అయిపోతుంది. మ్యూజియానికి సొంత పార్కింగ్ లేదు. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు నుంచి వచ్చేవాళ్లకి సిల్వర్ లైన్ ఉండనే ఉంది. ఎక్కడా మారకుండా ఫెడరల్ ట్రయాంగిల్‌లో దిగితే అక్కడి నుంచి నాలుగడుగులు. రెడ్ లైన్ మీద వచ్చేవాళ్లు మెట్రో సెంటర్‌లో మారాలి. పెద్దవాళ్లు నడవలేరనుకుంటే వాళ్లని కాన్‌స్టిట్యూషన్ అవెన్యూ వైపు దింపి, కారు దూరంగా ఎక్కడైనా పెట్టుకోండి.

ఎంతసేపు పడుతుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?

కనీసం నాలుగు గంటలు. రెండు గంటల్లో చుట్టేద్దామనుకుంటే ఆ రోజుకి వేరే మ్యూజియం చూసుకోవడం మంచిది.

మొదలు మాత్రం అట్టడుగు నుంచే. ఈ భవనంలో దాదాపు 60 శాతం నేల కిందే ఉంది, చరిత్రంతా అక్కడే పెట్టారు. పెద్ద లిఫ్ట్‌లో దిగుతుంటే గోడమీద సంవత్సరాలు వెనక్కి వెళ్తూ 1400ల దాకా పోతాయి. తలుపు తెరుచుకునేసరికి వెలుతురు తక్కువ, దారి ఇరుకు. అలా ఉండాలనే కట్టారు. అక్కడి నుంచి ర్యాంపుల మీద నడుస్తూ బానిసత్వం, అంతర్యుద్ధం, నల్లవాళ్లని వేరుగా ఉంచిన చట్టాలు, పౌరహక్కుల ఉద్యమం, 1968 తర్వాతి కాలం దాటుకుంటూ మెల్లగా పైకొస్తారు. పైకొచ్చేకొద్దీ పైకప్పు ఎత్తవుతుంది, వెలుతురు పెరుగుతుంది.

"కింద అంతా ఏడుపేనట, పై అంతస్తుల్లో పాటలూ ఆటలూ బాగుంటాయట, అటే వెళ్దాం" అనేవాళ్లున్నారు. వద్దు. మైకేల్ జాక్సన్ టోపీ, చక్ బెర్రీ ఎర్ర క్యాడిలాక్ కారు చూసి "బాగుంది" అని ఇంటికి రావచ్చు. ఆ పాట ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందో తెలియాలంటే కింద తిరగాల్సిందే.

పిల్లలు భయపడరా? ఏ వయసు నుంచి తీసుకెళ్లొచ్చు?

అందరూ అడిగేది ఇదే. నా లెక్కలో ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకి కిందిభాగం చూపించొచ్చు, పక్కన మీరుండాలి. అంతకన్నా చిన్నవాళ్లుంటే పెద్దవాళ్లు వంతులవారీగా కిందికి వెళ్లి, పిల్లల్ని రెండో అంతస్తులో చేతులతో తాకి ఆడుకునే చోట ఉంచండి. మరీ దారుణమైన ఫొటోలకి ఎర్ర అంచు పెట్టారు. ఎర్ర గీత కనిపిస్తే ముందు మీరు చూసి, ఆ తర్వాత పిల్లలకి చూపించాలా వద్దా అనుకోండి.

నిజానికి పిల్లల్ని ఆపేసేది ఎర్ర అంచు ఉన్న ఫొటో కాదు, సంకెళ్లు. పెద్దవాళ్ల కాళ్లకు వేసిన ఇనుప సంకెళ్లు చూసి ముందుకు పోతారు. చిన్నపిల్లల కొలతకు చేసిన సంకెల దగ్గరికొచ్చేసరికి వాళ్ల చెయ్యి వాళ్ల మణికట్టు మీదికే వెళ్తుంది. "ఇది నాకు సరిపోతుందా?" అని అడుగుతారు. సరిపోతుందనే చెప్పండి. "అదేం లేదులే నాన్నా, పద పద" అని లాక్కుపోతే ఆ ప్రశ్న రాత్రి పడుకునేటప్పుడు మళ్లీ వస్తుంది.

సావో జోసె అనే ఓడ కథ కూడా పిల్లలకి బాగా అర్థమవుతుంది. 1794లో మొజాంబిక్ నుంచి బ్రెజిల్‌కి 400 మందికి పైగా బానిసలను తీసుకెళ్తూ కేప్‌టౌన్ దగ్గర మునిగిపోయింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఆ ఓడ శిథిలాల్లో ఇనుప దిమ్మెలు దొరికాయి. మామూలు సరుకంత బరువు మనుషులు ఉండరు. అందుకని ఓడ ఒరిగిపోకుండా అడుగున ఇనుము వేశారన్నమాట. లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడికి ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, మనిషిని సరుకుగా చూడటమంటే ఏమిటో తెలిసిపోతుంది. అట్లాంటిక్ మీదుగా ఇలా ఓడలెక్కించినవాళ్లు సుమారు కోటీ 25 లక్షల మంది. ఒడ్డు చేరినవాళ్లు కోటీ 7 లక్షలు. మన పిల్లలు ఇదంతా అమెరికా కథే అనుకుంటారు కానీ, వాళ్లలో ఇప్పటి అమెరికా గడ్డమీద దిగింది 4 లక్షలలోపే. మిగతావాళ్లలో చాలామంది బ్రెజిల్‌కీ, కరీబియన్ దీవులకూ వెళ్లారు.

మా అమ్మగారికి ఇంగ్లీషు రాదు. ఆవిడకేం అర్థమవుతుంది?

మీకన్నా ఎక్కువే అర్థమవుతుంది. గోడలమీద రాసింది మీరు చదివి చెప్పండి, వస్తువుల సంగతి ఆవిడకి వదిలెయ్యండి.

దక్షిణ కరోలినాలో ఎడిస్టో అనే దీవి ఉంది. అక్కడ 1853 ప్రాంతంలో కట్టిన బానిసల గుడిసెను చెక్క చెక్కగా విప్పి తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. పాలేళ్ల కొట్టాలు ఎరిగిన మనిషికి దాన్ని వివరించక్కర్లేదు. అందులో ఎంతమంది పడుకునేవాళ్లు, పొయ్యి ఎక్కడ, వానొస్తే ఎలా అని ఆవిడే అడుగుతుంది.

ఆ కరోలినా తీరాన్ని ధనవంతం చేసింది వరి. పశ్చిమ ఆఫ్రికాలో తరతరాలుగా వరి పండించినవాళ్లకి గట్లు వెయ్యడం, మడికి నీళ్లు పెట్టడం, తియ్యడం తెలుసు. వాళ్ల చెమటతో పాటు వాళ్ల వ్యవసాయాన్నీ యజమానులు వాడుకున్నారు. పండిన ధాన్యాన్ని రోట్లో పోసి దంచి, గడ్డితో అల్లిన గుండ్రటి చేటలతో చెరిగేవాళ్లు. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఈ భాగం దగ్గర కదలరు. బోర్డులో రాయనివి కూడా వాళ్లే చెప్పడం మొదలుపెడతారు. పిల్లలు నాయనమ్మ చెప్పింది వింటూ మ్యూజియం చూడటం అనే అపురూపం ఇక్కడ జరుగుతుంది.

ఇంకొకటి రైలు పెట్టె. సదరన్ రైల్వే వాళ్ల అసలు బోగీ, 1200 నంబరుది. ఇది ఎంత పెద్దదంటే, ముందు దీన్ని క్రేన్‌తో దించేసి, తర్వాత చుట్టూ భవనం కట్టారు. ఒకే పెట్టె, మధ్యలో అడ్డు. ఒకవైపు తెల్లవాళ్లు, ఇంకోవైపు నల్లవాళ్లు. సీట్లు చూస్తే పెద్ద తేడా కనపడదు. తెల్లవాళ్ల వైపు సామాను పెట్టుకునే అరలున్నాయి, బాత్‌రూమ్ విశాలంగా ఉంది. నల్లవాళ్ల వైపు అరలు లేవు, బాత్‌రూమ్ ఇరుకు. అంటే పెట్టె కాళ్ల దగ్గరో ఒళ్లోనో పెట్టుకుని రాత్రంతా ప్రయాణం. టికెట్ కొన్నాక కూడా మనిషికి తన స్థానం గుర్తుచెయ్యడానికి ఒక అర తీసేస్తే చాలు.

ఎమెట్ టిల్ గదిలోకి వెళ్లాలా?

ఇది ఎవరికి వారు తేల్చుకోవాల్సిన విషయం. వెళ్లే ముందు కథ తెలిసి ఉండాలి. ఎమెట్ టిల్ షికాగో పిల్లవాడు, 14 ఏళ్లు. 1955 ఆగస్టులో చుట్టాలింటికని మిసిసిపీలోని మనీ అనే ఊరికి వెళ్లాడు. కొట్లో ఒక తెల్లజాతి స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడని ఆరోపించి, అర్ధరాత్రి ఎత్తుకుపోయి చంపేశారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ నిందితుల్ని వదిలేసింది. ఆ తర్వాత వాళ్లే డబ్బు తీసుకుని ఒక పత్రికకి తామే చంపామని చెప్పారు. ఒకసారి నిర్దోషులని తేలాక మళ్లీ విచారించడం కుదరదు కదా, ఆ ధైర్యం.

తల్లి మేమీ టిల్ శవపేటిక మూయనివ్వలేదు. కొడుకు ముఖం ఎలా చేశారో లోకం చూడాలంది. వేలమంది బారులు తీరి చూశారు. 2005లో దర్యాప్తు కోసం సమాధి తవ్వి, తర్వాత వేరే పేటికలో ఖననం చేశారు. ఆ మొదటి పేటికే ఇప్పుడు మ్యూజియంలో ఉంది. గదిలో ఫొటోలు తియ్యనివ్వరు. ఎవరూ మాట్లాడరు కూడా. ఫోన్ మోగకుండా చూసుకోండి. వీడియో కాల్‌లో ఊళ్లో వాళ్లకి మ్యూజియం చూపిస్తూ నడిచే అలవాటుంటే ఈ గది ముందే కట్ చెయ్యండి.

హైస్కూలు పిల్లలైతే తీసుకెళ్లండి. అతనిది వాళ్ల వయసే. మూకహత్యను ప్రత్యేకమైన ఫెడరల్ నేరంగా చేసిన చట్టానికి అతని పేరే పెట్టారు. అది వచ్చింది 2022లో. పిల్లలు 1955 నుంచి లెక్కపెట్టుకుని నోరెళ్లబెడతారు.

ఇది అమెరికా వాళ్ల చరిత్ర కదా, మనకేం సంబంధం?

మీ ఇంట్లో వీసా స్టాంపు ఉన్న ప్రతి పాస్‌పోర్టుకీ సంబంధం ఉంది. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో పనిచేసి పౌరసత్వం అడిగితే, 1923లో సుప్రీంకోర్టు "నువ్వు తెల్లవాడివి కాదు" అని కాదంది. 1946లో ఆ తలుపు కాస్త తెరిచినా ఏడాదికి వందమంది భారతీయులకే చోటు. పుట్టిన దేశాన్ని బట్టి కోటా పెట్టే ఆ పద్ధతిని ఎత్తేసింది 1965 వలస చట్టం. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చిన ఊపులోనే అదీ వచ్చింది. దెబ్బలు తిన్నది, జైళ్లకెళ్లింది నల్లజాతి వాళ్లు. ఆ తర్వాత విమానం దిగింది మనం. సబర్బ్‌లో ఇల్లు కొనుక్కుని "వాళ్లు కష్టపడరండీ" అనే అంకుల్ ఒకరు ప్రతి పాట్‌లక్‌లోనూ ఉంటారు. ఆయన్నీ కారెక్కించుకుని తీసుకెళ్లండి.

రాకపోకలు రెండువైపులా ఉన్నాయి. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో నెలరోజులు మన దేశంలో తిరిగాడు. తిరువనంతపురంలో దళిత పిల్లలు చదివే బడికి వెళ్తే, ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పిల్లలకి పరిచయం చేశాడట. మొదట చివుక్కుమన్నా, ఆలోచిస్తే నిజమేననిపించిందని కింగ్ తర్వాత ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. అంతకుముందే 1946లో అంబేద్కర్, నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్లు పెట్టుకుంటున్న విన్నపం గురించి అడుగుతూ రాసిన ఉత్తరం అది. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టుకున్నప్పుడు ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో, మ్యూజియంలో బ్లాక్ పాంథర్స్ అనే నల్లజాతి సంఘం భాగం దగ్గరికి వస్తే తెలుస్తుంది.

హైదరాబాద్ వాళ్లకి ఇంకో మాట. మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లుంటారో. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ గుర్రపు దళం నివాసం అది, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. మనుషుల్ని అమ్మిన ఓడలు అట్లాంటిక్‌లోనే కాదు, మన సముద్రంలోనూ తిరిగాయి.

"మన దగ్గర కూడా ఇలా ఉండేదా?" అని పిల్లలు అడిగితే?

అడుగుతారు. నల్లవాళ్లకి వేరు, తెల్లవాళ్లకి వేరు అని రాసిన నీళ్ల కుళాయి బోర్డుల దగ్గరో, హోటల్ కౌంటర్ దగ్గర ఉన్న ఎత్తు స్టూళ్ల దగ్గరో అడుగుతారు. ఆ స్టూళ్ల కథ ఇది: 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు వూల్‌వర్త్ దుకాణంలో కాఫీ అడిగి, వాళ్లు ఇవ్వం అన్నా కదలకుండా కూర్చున్నారు. మర్నాడు ఇంకొంతమంది వచ్చారు. ఆ తర్వాత ఊరూరా మొదలైంది.

జవాబు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మన ఊళ్లలో టీకొట్ల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఉండేదని, వేరే గ్లాసులో తాగి దాన్ని తామే కడిగి పెట్టాల్సిన మనుషులుండేవాళ్లని చెప్పండి. 1985లో కారంచేడులో దళితులు తాగే నీళ్లను పాడుచెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ ఆరుగురి హత్యదాకా వెళ్లిందని చెప్పండి. ఇక్కడ తాతగారు గొంతు సవరించుకుని "ఇప్పుడు అవన్నీ ఎందుకురా" అనొచ్చు. అప్పుడు ఆయన్నే అడగండి: "మీ ఊళ్లో బావి ఎవరెవరిది తాతయ్యా?" అని. కొందరు మాట మారుస్తారు. కొందరు బెంచీ చూసుకుని కూర్చుని, ఇంట్లో ఎప్పుడూ చెప్పనిది చెప్తారు. రెండు గ్లాసుల్లో రెండో గ్లాసుతో తాగిన కుటుంబాలైతే ఈ ప్రశ్న మీరు అడగక్కర్లేదు, పెద్దవాళ్లే ముందుంటారు.

తిండి సంగతి? శాకాహారులకి ఏమైనా దొరుకుతుందా?

లోపల స్వీట్ హోమ్ కెఫే ఉంది, మ్యూజియం కెఫేల్లో ఇంత శ్రద్ధగా వండేవి తక్కువ. అమెరికాలో నల్లజాతి వాళ్లు స్థిరపడ్డ ప్రాంతాలను బట్టి వంటలు పెడతారు. మాంసం తినేవాళ్లకి పండగే, రేటు మాత్రం కాస్త ఎక్కువ. శాకాహారులు మొక్కజొన్న రొట్టె, మాకరోనీ చీజ్, కూరలతో సర్దుకోవచ్చు. ఆకుకూర చూసి సంబరపడి పళ్లెంలో వేయించుకోకండి, దక్షిణాది పద్ధతిలో అందులో మాంసం ముక్క వేసి ఉడికించడం మామూలే. అడిగి తీసుకోండి. బెండకాయలు, అలసందలు కనిపిస్తే అమ్మగారికి చూపించండి. రెండూ ఆఫ్రికా నుంచి బానిస ఓడల కాలంలోనే అమెరికా చేరాయి. అలసందలూ బియ్యమూ కలిపి వండి కొత్త సంవత్సరం నాడు తినడం అక్కడి ఆనవాయితీ.

పులిహోర, పెరుగన్నం డబ్బాలు తెచ్చుకుంటే లోపల తినలేరు. బయటికొచ్చి నేషనల్ మాల్ అనే మైదానం పచ్చిక మీద దుప్పటి పరుచుకోండి. అయితే ఒకసారి బయటికొచ్చాక తిరిగి పంపుతారో లేదో తలుపు దగ్గర అడిగాకే బయటికి రండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తిరగగలరా?

వీల్‌చైర్లు అక్కడే ఉచితంగా ఇస్తారు, ఉన్నంతవరకు. ర్యాంపులు పొడుగ్గా ఉంటాయి, తోసేవాళ్లు బలంగా ఉండాలి. అలసినప్పుడు ధ్యానమందిరం లాంటి గది ఒకటుంది, పైన గుండ్రటి కిటికీలోంచి నీళ్లు ధారగా పడుతుంటాయి. చరిత్రంతా చూసి వచ్చాక పెద్దవాళ్లని అక్కడ పావుగంట కూర్చోబెట్టండి. మీరూ కూర్చోండి.

టీనేజ్ కుర్రాడు "బోర్" అంటున్నాడు. ఏం చెయ్యాలి?

చేతిలో ఫోన్ పెట్టి వాడి దారిన వాణ్ణి వదలండి. రెండో ప్రపంచయుద్ధం నాటి నల్లజాతి పైలట్లు, టస్కీగీ పైలట్లంటారు, వాళ్లు శిక్షణ పొందిన పాత రెండు రెక్కల విమానం తల మీద వేలాడుతుంటుంది. లూయిసియానాలోని అంగోలా జైలు కాపలా బురుజు మొత్తం తెచ్చి పెట్టారు. పై అంతస్తులో ఆటల భాగం ఉంది, 1968 ఒలింపిక్స్‌లో పతకం అందుకుంటూ పిడికిలెత్తిన నల్లజాతి పరుగు వీరులు స్మిత్, కార్లోస్‌ల విగ్రహాలున్నాయి. సంగీతం గదుల్లో మాత్రం బోర్ అన్నవాడే చివరికి "ఇంకో పదినిమిషాలు" అంటాడు.

జెఫర్సన్ విగ్రహం దగ్గర వాణ్ణి ఒకసారి ఆపండి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానంగా పుట్టారని రాసిన చెయ్యి అది. ఆయన వెనక పేర్చిన ఇటుకలమీద పేర్లుంటాయి, ఆయన బానిసలుగా ఉంచుకున్నవాళ్లవి. వర్జీనియా బళ్లో చదివే పిల్లలకి జెఫర్సన్ గురించి బాగా తెలుసు. ఇటుకల గురించి వాడు మీకు చెప్తాడో, మీరు వాడికి చెప్తారో చూడండి.

రద్దీ ఎప్పుడు ఎక్కువ?

నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరి అంతా, జనవరిలో కింగ్ జయంతి సెలవు, బానిసత్వం ముగిసిన గుర్తుగా జరుపుకునే జూన్ 19. స్కూలు బస్సులు వచ్చే వసంతకాలపు పొద్దుటి పూటలు కూడా. వారం మధ్యలో మధ్యాహ్నం అయితే కాస్త ఊపిరాడుతుంది.

అదే రోజు ఇంకేదైనా కలుపుకోవచ్చా?

కలపకపోతేనే మంచిది. తప్పదంటే సాయంత్రం లింకన్ మెమోరియల్‌కి వెళ్లండి. 1963 ఆగస్టు 28న కింగ్ నిలబడి మాట్లాడిన మెట్టు మీద అక్షరాలు చెక్కారు, చాలామంది దాన్ని తొక్కుకుంటూనే పైకి వెళ్లిపోతారు. పిల్లలకి వెతికే పని అప్పగించండి.

మేం డీసీ దగ్గర లేం. మరి మాకు?

అట్లాంటా వాళ్లకి కింగ్ పుట్టిన ఇల్లు, ఆయన చర్చి ఊళ్లోనే ఉన్నాయి. డెట్రాయిట్‌లో చార్లెస్ రైట్ మ్యూజియం ఉంది, 1965లో మొదలైంది. మెంఫిస్‌లో కింగ్‌ని కాల్చిచంపిన లొరెయిన్ మోటెల్‌నే పౌరహక్కుల మ్యూజియం చేశారు. షార్లెట్, రాలీ వాళ్లు కాస్త డ్రైవ్ చేస్తే చార్ల్‌స్టన్‌లో 2023లో తెరిచిన మ్యూజియం ఉంది, బానిస ఓడలు ఆగిన రేవులోనే కట్టారు. అలబామాలోని మాంట్‌గోమరీలో ఉన్న మూకహత్యల స్మారకం మాత్రం పెద్దపిల్లలున్నవాళ్లకే. మూకహత్యలు జరిగిన కౌంటీల పేర్లతో అక్కడ 800కి పైగా ఇనుప స్తంభాలు వేలాడదీశారు, మీరుండేది దక్షిణాది కౌంటీ అయితే దాని పేరు కూడా వాటిలో ఉండొచ్చు. వీటిలో కొన్నింటికి టికెట్ ఉంటుంది, ముందే చూసుకోండి.